శ్రీసభకు వెలుపల ఉన్నదెవరు?

ప్రొటెస్టెంటు సంఘంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారు కతోలిక శ్రీసభలో, అంటే పోపు నాయకత్వంలోని క్రైస్తవ సంఘంలో, చేరదలిస్తే వారికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మల నామమున ఇచ్చినదైతే అది చెల్లుతుంది. ఈ నియమం నిన్నమొన్నటిది కాదు. మూడో శతాబ్దంలోనే దీనిపై ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్పు సిప్రియన్‌కూ, స్తెఫాను పోపుకూ గట్టి తగాదా నడిచింది. శ్రీసభకు వెలుపల రక్షణ లేదన్న సిప్రియన్, పాషండులు (శ్రీసభ బోధను కాదని విడిపోయినవారు) ఇచ్చేది జ్ఞానస్నానమే కాదన్నారు. స్తెఫాను ఒప్పుకోలేదు. నియమంగా నిలిచింది స్తెఫాను మాట; జనం నోట నానింది మాత్రం సిప్రియన్ వాక్యం. తర్వాతి చరిత్రంతా ఈ రెండింటి పెనుగులాటే అనిపిస్తుంది.

1302లో 8వ బోనిఫేస్ పోపు, 1442లో ఫ్లోరెన్సులో కూడిన బిషప్పుల మహాసభ సిప్రియన్ వాక్యాన్నే ఇంకా బిగించారు. కానీ ప్రొటెస్టెంటు చీలికకు దారితీసిన లూథరు తిరుగుబాటు వేడి చల్లారకముందే, 1547లో, ట్రెంట్ మహాసభ పాషండుల చేతి జ్ఞానస్నానం నిజమైనదేనని ప్రకటించింది. తిట్టిన నోటితోనే చుట్టరికం ఒప్పుకున్నట్టు! ఆచరణలో అనుమానం పోలేదు. కొత్తగా చేరేవారి తలపై నీళ్లు పోస్తూ, “నీకు ఇదివరకే జ్ఞానస్నానం కాకపోయి ఉంటే” అని గురువు (ఫాదరు) ఒక షరతు కలిపి చదవడం చాలాకాలం మామూలుగా సాగింది.

20వ శతాబ్దంలో బోస్టన్ గురువు లియోనార్డ్ ఫీనీ సిప్రియన్ వాక్యాన్ని అక్షరాలా పట్టుకున్నారు. ఆ అర్థం సరికాదని 1949లో రోమే లేఖ రాసింది. పిలిచినా రోముకు రానందుకు 1953లో ఆయన్ను వెలివేసింది.

అసలు మలుపు 1964 నవంబరు 21న వచ్చింది. క్రీస్తు సంఘం అంటే కతోలిక శ్రీసభే ‘అయి ఉంది’ అన్న ముసాయిదా మాటను రెండవ వాటికన్ మహాసభ పక్కనపెట్టి, అది కతోలిక శ్రీసభలో ‘నెలకొని ఉంది’ అని రాసింది. మారింది ఒక్క క్రియాపదమే. వెలుపల కూడా సత్యం, పవిత్రత ఉన్నాయనడానికి చోటు దొరికింది. అదే రోజు ఐక్యతపై వెలువడిన పత్రం, విడిపోయిన సంఘాలలో నేడు పుట్టి పెరిగినవారిపై చీలిక పాపాన్ని మోపలేమంటూ వారిని సహోదరులని పిలిచింది. అనుకూలంగా 2,137 ఓట్లు, వ్యతిరేకంగా 11.

అయినా అందరూ ఒక వరుసలో లేరు. బిషప్పుల పరంపర, దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీర రక్తాలుగా స్వీకరించే రొట్టె, ద్రాక్షారసం) నిలుపుకున్నందున తూర్పు దేశాల ఆర్థడాక్సు వారివి సంఘాలే. ప్రొటెస్టెంట్లవి అసలు అర్థంలో ‘సంఘాలు’ కావని 2000లో వాటికన్ మళ్లీ చెప్పినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు.

ఆంగ్లికన్ల (ఇంగ్లండు సంఘం వారి) సంగతి మరీ చిత్రం. వారి గురుపట్టాలు, అంటే గురువులుగా, బిషప్పులుగా చేసే అభిషేకాలు, చెల్లవని 1896లో 13వ లియో పోపు తేల్చేశారు. 1966లో 6వ పౌలు పోపు బిషప్పు పదవికి గుర్తైన తన ఉంగరాన్ని తీసి, ఆంగ్లికన్ల పెద్ద అయిన కాంటర్బరీ ఆర్చిబిషప్పు మైకేల్ రామ్సే వేలికి తొడిగారు. 1896 నాటి తీర్పును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.