ట్యాగులు వలిచి తెలుగు తీయడం

విశాఖపట్నం ద్వారకా బస్‌స్టేషన్ నుంచి మధురవాడ వైపు వెళ్లే బస్సు ఆగే చోట్ల పట్టిక ఒక వెబ్ పేజీలో ఉందనుకోండి. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ. సోర్సు (పేజీ వెనకున్న అసలు రాత) తెరిస్తే ప్రతి పేరుకూ అటూ ఇటూ ట్యాగులు, అంటే < > మధ్య రాసే ఆదేశాలు. మనకు కావలసింది పేర్లే. కొత్తవాళ్లు ముందుగా రాసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రెజెక్స్, అంటే పాఠంలో వెతకడానికి రాసే నమూనా) ఇది:

<.+>

చుక్క అంటే ఏదైనా ఒక అక్షరం, ప్లస్ అంటే అలాంటివి ఒకటి లేదా ఎక్కువ. దీన్ని నడిపి, దొరికినదాన్ని తుడిచేస్తే స్టాపులన్నీ మాయం! ప్లస్ గుర్తుకు ఆశ ఎక్కువ, అందినంత దూరం లాగుతుంది. పట్టికంతా ఒకే లైనులో ఉంటే మొదటి < నుంచి చిట్టచివరి > దాకా ఊడ్చేస్తుంది. బదులుగా ఇలా రాయాలి:

<[^>]+>

చదరపు బ్రాకెట్లో ముందున్న ^ అంటే ‘ఇది తప్ప ఏదైనా’. > తగలగానే ఆగుతుంది. పైగా చుక్క మామూలుగా లైను దాటదు, ఇది దాటుతుంది. కాబట్టి రెండు లైన్లకు విరిగిన ట్యాగు కూడా చిక్కుతుంది.

ఈసారి పేర్లు మిగులుతాయి, కానీ ఇలా: మద్దిలపాలెంహనుమంతవాకఎండాడమధురవాడ. తెరమీద లైన్లు విడిపోయేది ట్యాగుల వల్లే. అవి పోతే ఎడమూ పోతుంది. అందుకని పేరా, లైన్ బ్రేక్, జాబితా అంశం, పట్టిక వరస ట్యాగులను ముందే కొత్త లైనుగానూ, గడి ట్యాగును ట్యాబ్‌గానూ మార్చుకోవాలి. బోల్డ్, ఇటాలిక్ ట్యాగుల చోట మాత్రం ఏమీ పెట్టకూడదు. ‘మధుర’ ఒక్కటే బోల్డ్‌లో ఉంటే, ఖాళీ పెట్టగానే అది ‘మధుర వాడ’ అయి కూర్చుంటుంది.

అసలు కిటుకు నమూనాలో కన్నా వరసలో ఉంది. చేపకు పొలుసు గీకితే సరిపోదు, పేగులు తీయాలి. స్క్రిప్ట్, స్టైల్ ట్యాగులు అలాంటివే. ట్యాగు ఒక్కటే తీస్తే లోపలి ప్రోగ్రాము, రంగుల లెక్కలు పాఠంలోకి ఒలుకుతాయి. వాటినీ, <!-- --> మధ్య వ్యాఖ్యలనూ అన్నిటికంటే ముందు లోపలి సరుకుతో సహా తీసేయాలి. ఇక్కడ ఆశ తగ్గించిన .*? (వీలైనంత తక్కువతో ఆగేది) వాడాలి, చుక్క లైను దాటేలా సెట్టింగు పెట్టాలి.

చివరికి మిగిలేవి అక్షరానికి బదులు దాని సంఖ్యతో రాసే సంకేతాలు. &#3125;&#3135;&#3126;&#3134;&#3094; అని ఉంటే అది ‘విశాఖ’. వీటిని ట్యాగులు తీశాకే విప్పాలి. ముందే విప్పితే ‘ఛార్జీ &#60; 20’ కాస్తా ‘ఛార్జీ < 20’ అవుతుంది; ఆ తర్వాత ట్యాగుల నమూనా దాన్ని ట్యాగనుకుని తర్వాతి > దాకా మింగేస్తుంది. విప్పడం కూడా ఒక్కసారే. &#160; అనేది విడని ఖాళీ; దాన్ని మామూలు ఖాళీగా మార్చాకే వరస ఖాళీలను ఒకటిగా కుదించాలి.

తెలుగుకు ప్రత్యేకమైన గోతులు రెండున్నాయి, ఇంగ్లీషు పాఠాలు చదివి నేర్చుకున్నవాళ్లు తప్పకుండా పడేవి. పైథాన్‌తో వచ్చే ‘రీ’ మాడ్యూలులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w, ‘పదంలో వచ్చే అక్షరం’ అనే గుర్తు) గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. ‘విశాఖ’ను ఏరమంటే వ, శ, ఖ అని మూడు ముక్కలిస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 3072 నుంచి 3199 వరకు ఉన్న వరుసను నేరుగా రాసుకోవడమే మేలు. రెండోది 8204 సంఖ్య గల కంటికి కనబడని అక్షరం. చెత్త అనుకుని తుడిచేస్తే ‘ఆర్‌కే బీచ్’ కాస్తా ‘ఆర్కే బీచ్’ అవుతుంది. పొల్లును విడిగా నిలబెట్టేది అదే.

ఇంత చేసినా <[^>]+> ఓడే చోటుంది. బొమ్మ ట్యాగు లోపలి వివరణలో "ఎన్ఏడీ > గాజువాక" అని ఉంటే నమూనా మధ్యలోనే ఆగి, ‘గాజువాక">’ పాఠంలో మిగులుతుంది. కొటేషన్లను గౌరవించే రూపం ఇది:

<("[^"]*"|'[^']*'|[^'">])*>

అయితే పేజీ రాసినవారు ఒక కొటేషన్ మూయడం మరిచిపోతే, ఇది తర్వాతి కొటేషన్ కోసం వెతుక్కుంటూ పోయి మధ్యలోని వార్తనంతా తినేయగలదు.

ఒకదానిలో ఒకటి ఇమిడిన పెట్టెల (తెరిచే, మూసే ట్యాగుల జతల) విషయంలో ఇబ్బంది ఇంకా లోతైనది. నాడీకణాల వలలపై గణితవేత్త స్టీఫెన్ క్లీనీ రాసి 1956లో అచ్చయిన వ్యాసంలో ఈ నమూనాల గణితం పుట్టింది; 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ దాన్ని పాఠంలో వెతుకులాటకు పనికొచ్చే పద్ధతిగా మలిచాడు. ఆ గణితంలోని యంత్రానికి ఉండేవి పరిమిత స్థితులే. ఎన్ని పెట్టెలు తెరిచామో ఎంత లోతుకైనా లెక్క పెట్టుకునే శక్తి దానికి లేదు. ‘ఈ పెట్టె మొత్తం తీసెయ్’ అంటే లోపలి పెట్టె మూత దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు బ్యూటిఫుల్ సూప్ లాంటి పార్సరు (ట్యాగుల అమరికను బట్టి పేజీని విడదీసే ప్రోగ్రాము) వాడాలి. ఒకే అచ్చులో పోసిన వెయ్యి పేజీలకు రెజెక్స్ చాలు. పది రకాల సైట్ల పేజీలు కలిసి వస్తే దాన్ని నమ్ముకోకూడదు.

ఫలితాన్ని సరిచూడటానికి మిగిలిన <, >, &# గుర్తులను వెతకండి, 3072–3199 వరుసలోని అక్షరాలను లెక్కపెట్టండి. తెరమీద తెలుగు కనిపించినా ఈ లెక్క సున్నా వస్తే, అది యూనికోడ్‌కు ముందు సొంత ఫాంటుతో కట్టిన పాత పేజీ కావచ్చు. లోపలున్నవి రోమన్ అక్షరాలు, గుర్తులే. దానికి ఆ ఫాంటు మార్పిడి పట్టిక కావాలి.