అమ్మవారు పోసిన పిల్లలకు స్నానం చేయించొచ్చా? ఆటలమ్మపై అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరే రోజుల్లో పిల్లల డాక్టర్‌గా నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "డాక్టర్ గారూ, పాపకు అమ్మవారు పోసింది. మందులు వేయొద్దని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చేయమంటారు?" అత్తమ్మ గారిని కాదని ఏమీ చేయక్కర్లేదు. గుమ్మానికి వేపమండలు కట్టండి, దాన్ని చూసి బయటి పిల్లలు లోపలికి రారు, అది మంచిదే. కానీ కొన్ని మాటలు మాత్రం పిల్లలకు నిజంగా చేటు చేస్తున్నాయి.

అపోహ: ఒంటికి నీళ్లు తగిలితే పొక్కులు ఇంకా ఎక్కువవుతాయి.

పొక్కులకు కారణం వైరస్. అది రక్తం ద్వారా చర్మానికి చేరుతుంది. స్నానం చేయించినా, చేయించకపోయినా మూడు నాలుగు రోజులు విడతలు విడతలుగా కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒకసారి ఆరేళ్ల బాబును ఏడో రోజున తీసుకొచ్చారు. అప్పటిదాకా స్నానం లేదు, ఒళ్లంతా వేపాకు, పసుపు ముద్ద ఎండి అట్టకట్టింది. తడిగుడ్డతో మెల్లగా తీస్తే నడుము దగ్గర అరచేయంత మేర ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలుతోంది. మధ్యలో చీము. వాడి గోళ్లలో మట్టి. గోకిన చోట బ్యాక్టీరియా చేరింది. రోజూ గోరువెచ్చని నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తని నూలుగుడ్డతో అద్ది, గోళ్లు కత్తిరిస్తే చాలావరకు ఈ బాధ తప్పేది. దురదకు కాలమిన్ లోషన్ రాయొచ్చు.

అపోహ: జ్వరానికి ఏ సిరప్ అయినా ఒకటే.

కాదు. పారాసెటమాల్ ఒక్కటే వాడండి. బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములున్న సిరప్ ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. సీసా మీద తప్పక చూసుకోండి. ఆస్పిరిన్ వేస్తే అరుదుగానైనా కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే ప్రమాదముంది. ఐబుప్రోఫెన్ కూడా ఆటలమ్మలో వద్దు, చర్మపు ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. మెడికల్ షాపులో ఇచ్చే జ్వరం సిరప్‌లలో ఐబుప్రోఫెన్ కలిసి ఉండొచ్చు, అడిగి తీసుకోండి.

అపోహ: చప్పిడి పత్యమే పెట్టాలి.

నోట్లో పొక్కులుంటే కారం మండుతుంది కాబట్టి తగ్గించండి, అంతే. పెరుగన్నం, పప్పన్నం, గుడ్డు, రాగిజావ, పిల్లవాడు ఏది తింటే అది పెట్టండి. నీళ్లు, మజ్జిగ తరచూ తాగించండి.

అపోహ: జ్వరం తగ్గితే బడికి పంపొచ్చు.

పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, చివరి పొక్కు కూడా చెక్కు కట్టేదాకా ఇది అంటుకుంటుంది. గర్భిణులను, పసికందులను దూరంగా ఉంచండి. ఇంట్లో గర్భిణి ఉండి, ఆమెకు ఇంతకుముందు ఆటలమ్మ రాకపోతే అదే రోజు ఆమె డాక్టర్‌కు చెప్పండి.

ఆయాసం, ఆగని వాంతులు, మత్తుగా పడుకోవడం, నడకలో తూలడం, నాలుగు రోజులు దాటినా జ్వరం, పొక్కు చుట్టూ వాపు: వీటిలో ఏది కనిపించినా మంచిరోజు కోసం ఆగకుండా ఆసుపత్రికి రండి.

ఇంట్లో ఏడాది దాటిన మరో బిడ్డ ఆటలమ్మ టీకా వేయించుకోకుండా ఉంటే ఈ రోజే డాక్టర్‌ను అడగండి. ఆటలమ్మ ఉన్నవారితో కలిసిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేయిస్తే ఆ బిడ్డకు జబ్బు రాకపోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది.