నక్షత్రాల మధ్య ధూళిలో గంధకం ఎక్కడ దాగింది?

పాలపుంతలో నక్షత్రాల మధ్య చోటంతా ఖాళీ కాదని 1930లో ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ ట్రంప్లర్ తేల్చాడు. దూరపు నక్షత్ర గుచ్ఛాలు ఉండాల్సిన దానికంటే మసగ్గా కనిపించాయి. దారిలో ధూళి వెలుగును మింగేస్తోందన్నమాట. ఆ ధూళి దేనితో తయారైందన్నది మాత్రం నేటికీ పూర్తిగా తెగలేదు. భూమి లాంటి గ్రహాలకు ముడిసరుకు అదే కాబట్టి ఇది తేల్చుకోవాల్సిన విషయమే.

అతినీలలోహిత కాంతిలో వాయువుగా ఉన్న మూలకాలే దొరుకుతాయి. ఉండాల్సిన మొత్తంలో తగ్గినది ధూళిలో చేరి ఉంటుందని ఊహించుకోవాలి. పరారుణ కాంతి సిలికేట్ల (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాల) జాడ పట్టించింది. గంధకం దగ్గరే చిక్కంతా. పలచని ప్రాంతాల్లో అది చాలావరకు వాయువుగా కనిపిస్తుంది, దట్టమైన మేఘాల్లోకి వెళ్లేసరికి ఎక్కువ భాగం లెక్కకు అందదు.

ఎక్స్-కిరణాలు వాయువునూ ఘనపదార్థాన్నీ ఒకే కొలతలో చూపిస్తాయి. ధూళికి ఆవల ఎక్స్-కిరణాలతో ప్రకాశించే జంట నక్షత్రాన్ని (ఎక్స్-రే జంట) దీపంలా వాడుకుంటారు. ఒక్కో మూలకం ఒక్కో శక్తి దగ్గర కిరణాలను హఠాత్తుగా ఎక్కువ పీల్చుకుంటుంది. సిలికాన్‌కు అది 1.84 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, గంధకానికి 2.47. గ్రాఫులో అక్కడ ఒక మెట్టు పడుతుంది. పరమాణువు ఖనిజంలో ఉంటే, దాన్నుంచి వెలువడిన ఎలక్ట్రాన్ తరంగం పొరుగు పరమాణువులకు తగిలి వెనక్కి వస్తుంది. దాంతో మెట్టు పక్కన సన్నని అలలు ఏర్పడతాయి. ఆ అలల తీరే ఖనిజం గుర్తు.

1999లో ఎగిరిన చంద్ర, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ టెలిస్కోపులతో ఈ అలలు చదవడం సాధ్యమైంది. పోల్చి చూడటానికి భూమ్మీది నమూనాలు కావాలి కదా! ఫ్రాన్స్‌లోని సోలే సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రం) ఆలివీన్, పైరాక్సీన్ అనే సిలికేట్ ఖనిజాలను కొలిచి, 2017లో జీఎక్స్ 5-1 అనే ఎక్స్-రే జంట వర్ణపటంతో సరిచూశారు.

2023 సెప్టెంబరులో జపాన్ ప్రయోగించిన ఎక్స్-రే టెలిస్కోపు ఎక్స్‌రిజమ్ ఇంకా సూక్ష్మంగా చూడగలదు. కానీ దాని పరికరం ముందున్న మూత తెరుచుకోలేదు. దాంతో సుమారు 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి కిరణాలు లోపలికి రావడం లేదు. ఆక్సిజన్, మెగ్నీషియం మెట్లు అంతకంటే తక్కువ శక్తి దగ్గరే ఉంటాయి కాబట్టి ఇది బాధాకరమైన నష్టం. గంధకం మాత్రం ఆ హద్దుకు పైన ఉండి బతికిపోయింది. 35 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలోని జీఎక్స్ 340+0 అనే ఎక్స్-రే జంట ముందున్న గంధకాన్ని, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన లియా కొరాలెస్ బృందం వాయు, ఘన రూపాలు రెండింటిలోనూ పట్టుకుంది. 2025లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం ఘనరూపానికి పైరోటైట్, ట్రోయిలైట్, పైరైట్ లాంటి ఇనుము-గంధకం ఖనిజాలు సరిపోతున్నాయి. ఉల్కల్లో ట్రోయిలైట్ ముందునుంచీ దొరుకుతున్నదే. ఆక్సిజన్ సంగతికొస్తే, ఇప్పటికీ 1999 నాటి ఆ రెండు టెలిస్కోపులే దిక్కు.