శిక్ష పడిన తర్వాత అప్పీలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: "హైకోర్టులో అసలు సాక్షిని పిలిపిద్దాం సార్."

హనుమకొండ అదాలత్‌లో తీర్పు వెలువడిన సాయంత్రం కుటుంబాల నోట నేను తరచూ వినే మాట ఇది. పై కోర్టులో సాక్షులు మళ్లీ బోనెక్కరు. కింది కోర్టులో నమోదైన సాక్ష్యాలు, ఎగ్జిబిట్లు (ఆధారాలుగా దాఖలైన పత్రాలు), తీర్పు, వీటినే న్యాయమూర్తులు చదువుతారు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం అప్పీలు కోర్టుకు ఉన్న మాట నిజమే. కానీ మనం వదిలేసిన లోపాలను పూడ్చుకోవడానికి దాన్ని వాడనివ్వరు.

ఒక ఉదాహరణ చూడండి. "వీధి దీపం వెలుగులో నిందితుణ్ని గుర్తుపట్టాను" అని మూడో సాక్షి కోర్టులో చెప్పాడనుకుందాం. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో దీపం ఊసే లేదు. ఆ సంగతి ముందు సాక్షినే అడగాలి. తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "ఈ మాట ఆయన మీకు చెప్పలేదు కదా" అని అడిగి, జవాబును నమోదు చేయించాలి. అప్పుడే అది అప్పీలులో పనికొస్తుంది. అడగకుండా వదిలేస్తే, ఆ కాగితం ఫైల్లో కళ్లెదుటే ఉన్నా దాని మీద వాదించలేను. అందుకే కొత్త ఫైలు చేతికి రాగానే నేను తీర్పు కన్నా ముందు దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్ చదువుతాను. విచారణ ఇంకా నడుస్తున్నవారు ఈ ఒక్క విషయం మీద ఇప్పుడే శ్రద్ధ పెట్టాలి.

అపోహ: "డబ్బు సర్దుబాటయ్యాక వేద్దాం, తొందరేముంది?"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. శిక్షపై హైకోర్టుకు వెళ్లడానికి గడువు 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. మరణశిక్షపై హైకోర్టుకు కూడా 30 రోజులే. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని ఇందులోంచి మినహాయిస్తారు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు కానీ, కారణం చూపాలి. ఆలోగా మనిషి లోపలే ఉంటాడు.

అసలు డబ్బు కోసం ఆగాల్సిన పనే లేదు. జైలు శిక్ష పడినవారికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. ఖైదీ తన అప్పీలును జైలు అధికారికి ఇస్తే ఆయన దాన్ని కోర్టుకు పంపాల్సిందే. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేసి ఖైదీలను వేరే జైళ్లకు తరలించాక ములాఖత్ మన కుటుంబాలకు దూరాభారమైంది. వెళ్లినప్పుడు జైలు నుంచే అప్పీలు పంపవచ్చన్న సంగతి తప్పక చెప్పండి. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100.

అపోహ: "అప్పీలు చేస్తే శిక్ష పెంచుతారు."

మీరు ఒక్కరే అప్పీలు చేస్తే అందులో శిక్ష పెంచరు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, లేదా హైకోర్టు తనంతట తాను రివిజన్ (కింది కోర్టు తీర్పు పునఃపరిశీలన) చేపట్టాలి. ఏది జరిగినా ముందు మీ వాదన వినాలి.

అపోహ: "యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు."

కాదు. జీవితాంతం. కొన్ని నేరాల్లో 14 ఏళ్లు నిండేదాకా విడుదల చేయకూడదని మాత్రమే చట్టం చెబుతుంది. ఆ తర్వాత వదలడమా, లేదా అన్నది ప్రభుత్వ నిర్ణయం.

మరణశిక్షనైతే ఖైదీ అప్పీలు చేయకపోయినా హైకోర్టు పరిశీలించి ధ్రువీకరిస్తేనే అమలు చేయాలి. 2019 ఆగస్టులో హనుమకొండ పసిపాప కేసులో వరంగల్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు అదే ఏడాది నవంబరులో యావజ్జీవంగా మార్చింది.

అపోహ: "బెయిలొచ్చింది, కేసు గెలిచినట్టే."

అది శిక్ష అమలును నిలిపివేయడమే. దోషి అన్న నిర్ధారణ అలాగే ఉంటుంది, ఉద్యోగంపై దాని ప్రభావమూ ఉంటుంది. హైకోర్టులో అప్పీలు తుది విచారణకు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా న్యాయవాదికి తెలియజేయండి, జామీనుదారులతోనూ మాట్లాడుతూ ఉండండి. పిలిచిన రోజున మనిషి దొరకకపోతే వారెంటు వస్తుంది.