బీచ్ రోడ్డులో ఎడమ పక్క కూడా చూడండి: విశాఖ–భీమిలి దారి మీద అపోహలు, వాస్తవాలు

విశాఖ నుంచి భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. బండెక్కిన వాళ్లంతా ఆ పక్క కిటికీ కోసమే పోటీ పడతారు. పదిహేనేళ్లుగా ఈ దారిలో టూరిస్టులను తిప్పుతున్నాను. "అమ్మా, ఒక్కసారి ఎడమకి చూడండి" అని చెప్పని రోజు లేదు. అటు కొండలుంటాయి. ఆ కొండల గురించి నేను రోజూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: "లోపలికెళ్తే ఏటుందండీ, తుప్పలూ తోటలూ తప్ప!"

వాస్తవం: ముందు ఆ కొండల పేర్లు వినండి. తొట్లకొండ అంటే తొట్లున్న కొండ. బావికొండ అంటే బావులున్న కొండ. వాన నీరు నిలవ చేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసుకున్న తొట్లవి. రెండు వేల ఏళ్ల నాటి పని. ఆ కొండల మీద ఎవరుండేవారో జనం మరిచిపోయారు గానీ, వాళ్ల నీళ్ల తొట్టి మాత్రం ఊరి నోట పేరుగా నిలిచిపోయింది.

తొట్లకొండ మీద ఆ భిక్షువులుండే ఆరామం, అంటే మఠం, ఉందన్న సంగతి 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. రోము నాణెం ఈ కొండ మీదికెలా వచ్చిందని పిల్లలు అడుగుతారు. నేను వేలు పెట్టి కింద సముద్రాన్ని చూపిస్తాను. ఆ నీళ్ల మీద ఓడల్లో వ్యాపారం సాగేది. వర్తకులు ఇచ్చిన దానాలతోనే ఇలాంటి ఆరామాలు నడిచేవి. వానాకాలం నెలల్లో భిక్షువులు ఊరూరా తిరగకూడదు, ఒకచోటే ఉండాలి. అందుకే వరసగా గదులు, భోజనశాల, తొట్లు. కుడి పక్క సముద్రానికీ ఎడమ పక్క కొండకూ ఉన్న సంబంధం ఆ తొట్టి గట్టున నిలబడితేనే తెలుస్తుంది. అందుకే అక్కడ నేను ఎవరినీ తొందరపెట్టను.

బావికొండకు రుషికొండ దాటాక లోపలికి తిరగాలి. భీమిలిలో పావురాలకొండ ఉంది. నరసింహస్వామి గుడి దాకా అందరూ ఎక్కుతారు, ఇంకాస్త పైకెళ్తే ఉన్న బౌద్ధుల తొట్లను చూసేవాళ్లే తక్కువ.

అపోహ: "బొర్రా గుహలు వేరే ట్రిప్పు, భీమిలి వేరే ట్రిప్పు."

వాస్తవం: రెండింటినీ కలిపేది ఒకటే ఏరు, గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో నిండి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలిలో నదీ ముఖం దగ్గర నిలబడి ఫొటో దిగేవాళ్లకు ఈ మాట చెబితే, ఆ నీళ్లను ఇంకోసారి చూస్తారు.

అపోహ: "పద్మనాభం అంటే గుడి, మెట్లు. అంతే కదా!"

వాస్తవం: గుడి ఉంది, కొండ మీద అనంత పద్మనాభస్వామి ఉన్నాడు, వెయ్యికి పైగా మెట్లున్నాయి. కానీ ఆ కొండ కింద నేల మీద 1794 జులై 10న యుద్ధం జరిగింది. పేష్కష్ (ఏటా కట్టాల్సిన కప్పం) బకాయిల పేరుతో ఈస్టిండియా కంపెనీ విజయనగరం రాజు చిన విజయరామరాజును ఊరు విడిచి పొమ్మంది. ఆయన పోలేదు. పద్మనాభంలో తన మనుషులతో నిలబడి, అక్కడే ప్రాణం విడిచాడు. బొబ్బిలి యుద్ధం అనగానే ఒళ్లు పులకరించే మనం, భీమిలికి ఇంత దగ్గర్లో జరిగిన ఈ యుద్ధాన్ని పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ.

అపోహ: "ఏటికొప్పాక బొమ్మలు వైజాగ్‌లోనే దొరుకుతాయి, అంత దూరం దేనికి?"

వాస్తవం: బొమ్మ దొరుకుతుంది, దాని తయారీ కనబడదు. ఏటికొప్పాక దక్షిణం వైపు, యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రను మిషను మీద తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క పుల్లను ఒత్తిపట్టి ఉంచితే రాపిడి వేడికి లక్క కరిగి రంగు చుట్టూ పాకుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. కిందటేడు మా బండిలో వచ్చిన ఒక పాప, అప్పుడే దించిన బొంగరాన్ని పట్టుకుని "ఇంకా వెచ్చగా ఉంది నాన్నా" అంది. దుకాణంలో కొన్న బొంగరానికి ఆ వెచ్చదనం ఉండదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అదే దారిలో అనకాపల్లి పక్కన శంకరం ఊరు, బొజ్జన్నకొండ ఉన్నాయి. బౌద్ధ భిక్షువులుండే సంఘారామమే శంకరం అయిందంటారు. రాతిలో తొలిచిన గుహలు, పక్కనే లింగాలకొండ మీద ఒకే రాతిలో చెక్కిన స్తూపాల వరసలు. కనుమ రోజు చుట్టుపక్కల జనం తీర్థానికి వచ్చినట్టు వస్తారు. ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు వద్దు.

అపోహ: "ఒక్కరోజులో అన్నీ చుట్టేయొచ్చు."

వాస్తవం: వద్దండీ. ఉత్తరం ఒకరోజు, దక్షిణం ఇంకోరోజు పెట్టుకోండి. ఉత్తరానికి వెళ్లేరోజు పొద్దున్నే తొట్లకొండ ఎక్కేయండి, పదిన్నర దాటితే రాయి కాలుతుంది. తర్వాత బావికొండ, మధ్యాహ్నం భోజనం భీమిలిలో, సాయంత్రం పద్మనాభం. దక్షిణానికి వెళ్లేరోజు, చలికాలమైతే, తెల్లవారే కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు చేరండి, పక్షులుంటాయి. అక్కడి నుంచి బొజ్జన్నకొండ, ఆఖర్న ఏటికొప్పాక.

వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి, తొట్లలో నీళ్లుంటాయి, తప్పకుండా రండి. కానీ వాన పడ్డ మర్నాడు పద్మనాభం మెట్లు ఎక్కకండి, జారతాయి. మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే కొండ కింద కుంతీమాధవస్వామి గుడి ఉంది, మిగతావాళ్లు దిగొచ్చేదాకా అక్కడ హాయిగా కూర్చోవచ్చు.