గోనె సంచి మీద దేశం పేరు: 1949లో మొదలైన కథ

బంగ్లాదేశ్ సరుకు కొనొద్దన్న పిలుపు మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. విజయనగరంలో బట్టల కొట్టుకు వెళ్లినవాళ్లు చొక్కా కాలరు తిప్పి, లేబుల్ మీద ఏ దేశం పేరుందో చూసుకుంటున్నారు. గొడవ చొక్కాతో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. ఏటా ధాన్యం కొనుగోళ్ల వేళ గోనె సంచుల కోసం రైతులు పడిగాపులు కాసే జిల్లాలివి. జూట్ మిల్లు సైరన్‌తో తెల్లవారిన ఊళ్లున్న జిల్లాలివి. అందుకే ఇక్కడ మాట ఎక్కడ మొదలైనా గోనె దగ్గరికే వస్తుంది. బంగ్లా గోనె ఆపేస్తే మన మిల్లులు నిలబడతాయా? అసలు ఆపడం న్యాయమేనా?

విదేశీ బట్టల దహనాలు, పొందూరు ఖద్దరు ఇక్కడ పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. వాటిని పక్కన పెడదాం. ఇప్పటి వాదనకు మూలం 1949 సెప్టెంబరులో ఉంది.

దేశ విభజనలో జనపనార (జూట్) పండే నేల దాదాపు మూడొంతులు పాకిస్తాన్‌లో చేరిన తూర్పు బెంగాల్‌కు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌కు పోయింది. మిల్లులన్నీ ఇటు మిగిలాయి. రెండేళ్లు ఎలాగో నడిచింది. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించగానే భారత్ కూడా రూపాయి విలువ తగ్గించింది, పాకిస్తాన్ తగ్గించలేదు. అంతవరకు సమానంగా ఉన్న రెండు రూపాయల్లో వాళ్ల వందకు మన 144 ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. ఆ లెక్క మాకు సమ్మతం కాదని ఢిల్లీ తేల్చి చెప్పింది. జనపనార కొనుగోళ్లు ఆగిపోయాయి. డిసెంబరుకల్లా బొగ్గు పంపడం కూడా ఆపేశారు. ఒక పొరుగు దేశం సరుకును స్వతంత్ర భారత ప్రభుత్వం పక్కన పెట్టిన తొలి పెద్ద సందర్భం ఇదే అనుకోవచ్చు.

ఆ నిర్ణయంలో రెండో సగం ఉంది. ఇవాళ్టి పిలుపుల్లో కనిపించనిది అదే. కొనడం ఆపిన ప్రభుత్వం ఆ లోటు పూడ్చే పనిని తన నెత్తిన వేసుకుంది. బెంగాల్, అస్సాం, బీహార్, ఒరిస్సాల్లో జనపనార సాగు పెంచింది. 1947-48లో సుమారు 17 లక్షల బేళ్లు (నార కట్టలు) ఉన్న దిగుబడి 1950-51కి 33 లక్షలకు చేరింది. జనపనార పండని చోట దానికి సాటి వచ్చే గోగుకు గిరాకీ పెరిగింది. మన తీరానికి గోగు కొత్త కాదు. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతై 'బిమ్లీ జూట్' పేరుతో బయటి దేశాల్లో ఎప్పుడో పేరు తెచ్చుకున్న నార అది. విజయనగరం దగ్గరి నెల్లిమర్ల జూట్ మిల్లు 1920 నాటిది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టేనాటికి గోగు ఇక్కడి మెట్ట రైతుకు చేతిలో నాలుగు డబ్బులు ఆడించే పంట. ఆమదాలవలస పరిశోధన కేంద్రం నుంచి ఏఎంవీ పేరుతో వచ్చిన గోగు రకాలు ఆ పంటకు ప్రభుత్వం ఇచ్చిన విలువకు గుర్తు.

ఆ నార వెనక ఎంత కష్టముందో చూసినవాళ్లకు తెలుసు. తొలకరికి వేసిన గోగును వానలు వెనకబట్టే వేళకు కోస్తారు. మోపులు కట్టి చెరువులోనో గెడ్డలోనో ముంచి, పైకి తేలకుండా బరువులు పెట్టి రెండు మూడు వారాలు ఊరేస్తారు. బెరడు మెత్తబడ్డాక నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక్కో కట్టె నుంచీ నార ఒలుస్తారు. నీళ్లు నల్లబడి కంపు కొడతాయి. చేతులు నాని చర్మం ఊడుతుంది, ఒంటికి పట్టిన వాసన రోజుల తరబడి పోదు. ఒలిచిన నారను జాడించి, పిండి, దండేల మీద ఆరేస్తారు. ఎండలో తెల్లగా మెరిస్తే ఒక ధర, నల్లబడితే ఇంకో ధర.

సరిహద్దుకు అవతలి రైతు చేసేదీ సరిగ్గా ఈ పనే. 1949లో దెబ్బ మొదట తగిలింది అతనికే. కొనే మిల్లులన్నీ కలకత్తాలో ఉంటే ఒలిచిన నారను ఏం చేసుకుంటాడు? అప్పటి పాకిస్తాన్ రాజధాని కరాచీలోని ప్రభుత్వం జూట్ బోర్డు పెట్టి ధర నిలబెట్టాల్సి వచ్చింది. సొంత మిల్లుల కోసం పరుగులు పెట్టింది. 1951లో నారాయణగంజ్‌లో మొదలైన ఆదమ్‌జీ మిల్లు తర్వాత ప్రపంచంలోనే అతి పెద్ద జూట్ మిల్లుగా పేరు పొందింది. ఇవాళ మనకు పోటీ అంటున్న పరిశ్రమకు అప్పటి మన ఆంక్షే ఊపిరి పోసింది. ఇంతా చేసి 1951 ఫిబ్రవరిలో ఢిల్లీ పాకిస్తాన్ మారకం రేటును ఒప్పుకుని ఒప్పందం చేసుకుంది. కొరియా యుద్ధంతో గోనెకు ప్రపంచమంతా గిరాకీ పెరిగిన రోజులవి, నార లేకుండా మిల్లులు నడవవు.

ఇప్పటికి వద్దాం. 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకు మీద కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా వచ్చిపడే దిగుమతులను అడ్డుకునే పన్ను) వేసింది. 2022 చివర్లో దాన్ని ఇంకో అయిదేళ్లు పొడిగించింది. 2025 జూన్‌లో భూమార్గాన చాలా రకాల బంగ్లా జూట్ సరుకు రాకుండా ఆపి, ముంబయి దగ్గరి నవా షెవా రేవు ఒక్కటే తెరిచి ఉంచింది. అవతల కూడా ఇలాంటి అడుగులే పడ్డాయి. 2015లో ఢాకా ముడి నార ఎగుమతిని నిషేధించింది. 2024 మొదట్లో భారత సరుకు కొనొద్దంటూ అక్కడ ప్రచారం సాగింది, ఓ ప్రతిపక్ష నాయకుడు తన భుజం మీది కశ్మీరీ శాలువాను తీసి నేలకేసి కొట్టాడు.

బహిష్కరించాలనేవారి వాదన సూటిగానే ఉంది: మనవాళ్లకు కీడు తలపెట్టే దేశానికి మన రూపాయి వెళ్లకూడదు, అక్కడి ప్రభుత్వ సాయంతో చవగ్గా వచ్చే గోనె మన మిల్లులను ముంచుతోంది. చవక మాట నిజమే, సుంకం వేసింది అందుకే. కానీ భీమునిపట్నం దగ్గరి చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌటైంది. ఆ సుంకం వచ్చింది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు. నెల్లిమర్లలో లాకౌట్లు, బకాయిల గొడవలు అంతకు చాలా ముందటివి. ఆ గేట్ల ముందు కూర్చున్న కార్మికులు అడిగింది జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ. ఏ దేశం సరుకు రాకుండా ఆపినా వాటిని చెల్లించాల్సింది ఇక్కడి యాజమాన్యాలే. ప్లాస్టిక్ సంచి చేసిన నష్టం మాట ఈ పిలుపుల్లో వినపడదు. ఆహార ధాన్యాలు నూటికి నూరు శాతం, పంచదార 20 శాతం జూట్ సంచుల్లోనే నింపాలన్న నిబంధన 1987 నాటి చట్టం కింద ఉంది కాబట్టే ఉన్న మిల్లులైనా నడుస్తున్నాయి.

చొక్కా సంగతీ చెప్పాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది కుట్టుపని చేసే ఆడవాళ్లు. ఆ బట్టలు కొనబోమని పడమటి దేశాల్లో కొందరన్నప్పుడు, అక్కడి కార్మిక నాయకులే వద్దని వేడుకున్నారు. కొనడం మానితే తమ పని పోతుందని, భద్రతకు కంపెనీలను కట్టడి చేయాలని అడిగారు. మే నెలలోనే భద్రతా ఒప్పందం కుదిరింది. సరుకు ఎలా తయారైందని నిలదీయడం వేరు, ఏ దేశంలో తయారైందని వెలివేయడం వేరు. మొదటిది కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి అడిగిన సాయం. రెండోది ఆమె నోటిముందు కూడు లాగేస్తుంది.

మన జిల్లాల్లో గోగు చేలు చాలావరకు మొక్కజొన్నకు మళ్లాయి. ఊరేయడానికి చెరువుల్లో నీళ్లుండవు, నార ఒలిచే కూలీలు దొరకరు, ధర కూలికి చాలదు. 2025-26లో ముడి జనపనారకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. బంగ్లా గోనె మీద సుంకం గడువు 2027 డిసెంబరుతో తీరుతుంది. పొడిగించాలా వద్దా అన్న విచారణలో మిల్లు యజమానులు మాట్లాడతారు, దిగుమతిదారులు మాట్లాడతారు. ఆ సుంకం వల్ల గోగు రైతుకు క్వింటాకు ఎంత దక్కింది, కార్మికుడి జీతంలో ఎంత పెరిగింది అన్న లెక్కను ఆ విచారణ ముందు పెట్టించాల్సింది మన ఎంపీలు, మన రైతు సంఘాలు.