రాక్ చచ్చిపోయిందా? గిటార్ క్లాసులో వినే అపోహలు, నేను చూస్తున్న వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో గిటార్ నేర్పుతున్నాను. వారాంతాల్లో బ్యాండ్‌తో వాయిస్తాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "సార్, ఈ రాక్ అదీ ఇప్పుడు ఎవరైనా వింటున్నారా? కీబోర్డ్ నేర్పిస్తే మేలేమో?" అడగడంలో తప్పేం లేదు. నా జవాబు ఒక్కటే. రాక్ వినేవాళ్లు ఉన్నారు, నేర్చుకునేవాళ్లు ఉన్నారు. కొత్త బ్యాండ్ నిలబడి వాయించడానికి మాత్రం చోటు తగ్గిపోతోంది. ఈ రెండు విషయాల్నీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇన్ని అపోహలు.

అపోహ: చార్టుల్లో కనిపించట్లేదు, కాబట్టి రాక్ పని అయిపోయింది

ఈ మాటకు అరవై ఏళ్లు దాటాయి. 1962లో లండన్‌లోని డెక్కా కంపెనీ బీటిల్స్‌ని వద్దని తిప్పి పంపింది. గిటార్ బృందాల రోజులు అయిపోతున్నాయని తనతో అన్నారని వాళ్ల మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1964 ఫిబ్రవరిలో అదే బీటిల్స్‌ని అమెరికాలో ఒక్క రాత్రి 7 కోట్ల మందికి పైగా టీవీలో చూశారు. మళ్లీ 2014లో అమెరికా రాక్ బ్యాండ్ కిస్‌కి చెందిన జీన్ సిమన్స్ ఒక ఇంటర్వ్యూలో రాక్ చచ్చిపోయిందన్నాడు. కొత్తవాళ్లని వెనకుండి పెంచే వ్యవస్థ పోయిందన్నది ఆయన బాధ. అందులో నిజం ఉంది, చివర్లో దాని దగ్గరికే వస్తాను.

లెక్కల సంగతి. 2017లో అమెరికాలో జనం కొన్న, విన్న సంగీతంలో హిప్‌హాప్, ఆర్ అండ్ బీ అనే శైలులు కలిసి మొదటిసారి రాక్‌ని దాటాయని, ఈ లెక్కలు తీసే నీల్సన్ సంస్థ ప్రకటించింది. అది నిజమే. అయితే ఆ ఏడాది కూడా రాక్ రెండో స్థానంలో ఉంది, మొత్తంలో ఐదో వంతు దానిదే. పైగా హిట్ పాటల చార్టు చెప్పేది ఈ వారం ఏది మోగిపోయిందన్నది మాత్రమే. రాక్ ఇష్టపడేవాళ్లు ముప్పై ఏళ్ల నాటి ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరి దాకా వింటారు. ఇప్పుడు అమెరికాలో వినే సంగీతంలో 70 శాతానికి పైగా విడుదలై ఏడాదిన్నర దాటినదే.

2022లో మా క్లాసుకి పద్నాలుగేళ్ల కుర్రాడు వచ్చాడు. వచ్చీ రాగానే మెటాలికా బ్యాండ్ పాట 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' నేర్పమన్నాడు. 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో విన్నాడట. 1986 నాటి ఆ ఎనిమిది నిమిషాల పాట అమెరికా హిట్ పాటల చార్టు హాట్ 100లోకి మొదటిసారి ఎక్కింది కూడా ఆ సంవత్సరమే. ఆ వేగంలో అన్నీ కిందికి కొట్టే స్ట్రోకులే వాయించాలంటే ముంజేయి మండిపోతుంది. వాడు ఐదు నెలలు పట్టు వదలకుండా సాధన చేశాడు.

తర్వాతి తరం బ్యాండ్ల మాటేమిటంటారా? 2025లో ఘోస్ట్, స్లీప్ టోకెన్ అనే రాక్ బ్యాండ్ల ఆల్బమ్‌లు రెండూ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్లాయి.

అపోహ: గిటార్లు కొనేవాళ్లే లేరు

2018 మే నెలలో పేరున్న గిటార్ల కంపెనీ గిబ్సన్ దివాలా పిటిషన్ వేసినప్పుడు ఈ ప్రచారం బాగా జరిగింది. ఆ కంపెనీని ముంచింది గిటార్లు కాదు. ఫిలిప్స్ ఆడియో విభాగం లాంటివి కొని, హెడ్‌ఫోన్లు, స్పీకర్ల వ్యాపారంలోకి దిగి అప్పులపాలైంది. అదే ఏడాది నవంబర్‌కల్లా ఆ పని వదిలేసి, గిటార్ల కంపెనీగానే బయటపడింది. రెండేళ్లకు, కరోనా ఏడాది 2020లో, మరో గిటార్ల కంపెనీ ఫెండర్ తన చరిత్రలోనే ఎక్కువ అమ్మకాలు చూసింది. అమెరికా, బ్రిటన్‌లలో కొత్తగా గిటార్ పట్టేవాళ్లలో సగం మంది ఆడవాళ్లేనని 2018లో ఫెండర్ చేయించిన సర్వేలో తేలింది. నా సాయంత్రం బ్యాచ్‌లో ఎనిమిది మంది ఉంటే ఐదుగురు అమ్మాయిలు. నేను మొదలుపెట్టినప్పుడు ఒక్కరు కూడా లేరు.

అపోహ: ల్యాప్‌టాప్‌లో చేస్తే అది రాక్ కాదు

రాక్ గిటార్‌కి గుర్తింపు తెచ్చిన ఆ బొంగురు శబ్దానికి ఒక మూలం చెడిపోయిన యంత్రం. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో శబ్దాలు కలిపే మిక్సింగ్ కన్సోల్ ఛానెల్ ఒకటి పాడైతే బేస్ గిటార్ గరగరమంది. ఆ శబ్దం నచ్చి దాన్ని ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించారు. కాలితో నొక్కి వాడే ఆ పెట్టే ఫజ్ పెడల్. ఇప్పుడు మెటాలికా అంతటి బ్యాండే స్టేజీ మీద డిజిటల్ ప్రాసెసర్లతో వాయిస్తోంది. యంత్రం ఏదైనా, చెయ్యి పలకాలి.

అపోహ: తెలుగులో రాక్ అతకదు

దీని మీద నాకు చాలా పట్టింపు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అతకదు అనేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ పాట ట్యూన్ తీసుకుని అందులో తెలుగు మాటలు కూరుస్తారు. ఇంగ్లిష్‌లో 'రాక్', 'బ్యాక్', 'స్టాప్' లాంటి మాటలు హల్లుతో ఠక్కున ఆగిపోతాయి. ఆ ఆగడం సరిగ్గా డ్రమ్ కిట్‌లో ఠప్పున పలికే స్నేర్ డ్రమ్ దెబ్బ మీద పడుతుంది. మనది అజంత భాష. దాదాపు ప్రతి మాట చివరా అచ్చు ఉంటుంది. అది బీట్ దాటి జారిపోతుంది, పాట వదులుగా వినిపిస్తుంది. లోపం భాషది కాదు, మాటల్ని పేర్చిన తీరుది.

మా బ్యాండ్‌లో పాట రాసేటప్పుడు ద్విత్వాక్షరాన్ని తెచ్చి స్నేర్ మీద పెడతాం. 'కొట్టు', 'పట్టు', 'బిడ్డ' అని పైకి అని చూడండి. మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగుసుకుని వదులుతుంది. ఆ వదిలే చోటే దెబ్బ పడాలి. ఇక చరణం నుంచి పల్లవికి ఎగసినప్పుడు మన అచ్చులే వరం. 'రా', 'పో', 'లే' అని నాలుగు బీట్ల పాటు నోరారా పట్టి ఉంచొచ్చు, మూసేసే హల్లు అడ్డు రాదు. గొంతెత్తి పాడటం, వెనకనుంచి వంత అందుకోవడం బుర్రకథ విన్నవాళ్లకి కొత్త కాదు కదా.

బెంగళూరు బ్యాండ్ అగం కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్లతో కలిపి సొంత శ్రోతల్ని సంపాదించుకుంది. మన హైదరాబాద్ నుంచే గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ (బరువైన గిటార్లతో, గర్జించినట్టు పాడే రాక్) బ్యాండ్ వచ్చింది, వాళ్లు పాడేది ఇంగ్లిష్‌లో. తెలుగులో ఆ బరువుతో పాడే బ్యాండ్లు ఇంకా రావాలి. నేను ఎదురుచూస్తున్నది వాటికోసమే.

అపోహ: స్టేడియాలు నిండుతున్నాయి, ఇక బెంగ దేనికి?

ఇది రాక్ అభిమానుల అపోహ. 2025 జనవరిలో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లేని చూడటానికి రోజుకు లక్ష మందికి పైగా వచ్చారు. విడిపోయిన బ్రిటన్ బ్యాండ్ ఒయాసిస్ మళ్లీ కలిసి అదే ఏడాది వాయిస్తామంటే టికెట్ల కోసం 2024లోనే జనం ఎగబడ్డారు. సంతోషమే. కానీ ఒయాసిస్‌కి రికార్డు ఒప్పందం తెచ్చిపెట్టిన ప్రదర్శన ఎక్కడ జరిగిందో తెలుసా? 1993 మేలో, గ్లాస్గోలోని కింగ్ టట్స్ అనే క్లబ్బులో. అందులో పట్టేది 300 మంది. అలాంటి చిన్న వేదికలు బ్రిటన్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే 125 దాకా మూతపడటమో, ప్రదర్శనలు ఆపేయడమో జరిగిందని, ఆ వేదికల కోసం పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ చెప్పింది. 2025 బ్రిటన్ ప్రదర్శనల్లో తమ రాబడి నుంచి పదో వంతు ఆ ట్రస్ట్‌కి ఇస్తామని కోల్డ్‌ప్లే ముందుకు రావడానికి కారణం అదే.

ఆన్‌లైన్‌లోనూ దారి సులువుగా లేదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 ప్లేలు రాని పాటకు రాయల్టీ లేదు. 30 సెకన్లు వింటేనే ఒక ప్లే. ఎనిమిది నిమిషాల పాటైనా, రెండు నిమిషాల పాటైనా లెక్కకు ఒకటే ప్లే. నెమ్మదిగా రాజుకునే రాక్ పాటకి ఈ లెక్క గిట్టదు.

మన ఊళ్లో ఇంకో కష్టం. డీజే అయితే ఒక్కడే వస్తాడు. బ్యాండ్ అంటే నలుగురు, డ్రమ్ కిట్, ఆటో ఖర్చు, రెండు గంటల సౌండ్ చెక్. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ వాయిస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు, గంటల లెక్కన అద్దె కట్టి జామ్ రూమ్‌కి, అంటే బ్యాండ్లు సాధన చేసుకునే గదికి, వెళ్లాలి. ఒకసారి ఒక పబ్బువాళ్లు సొంత పాటలు వాయించమనే పిలిచారు. మొదటి పాట అవగానే మేనేజర్ వచ్చి, సినిమా పాటలు వాయిస్తారా, దిగిపోతారా అన్నాడు. మా బేస్ గిటార్ వాయించే అతను ఆ రాత్రి గిటార్ సర్దుకుని వెళ్లినవాడు మళ్లీ బ్యాండ్‌కి రాలేదు. సిమన్స్ మాటలో నిజం ఉందన్నది ఇందుకే.

అయినా ఈ మధ్య నాకు కొంచెం ఊరట కలిగింది. నా బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలు తెలుగులో మూడు పాటలు రాసుకున్నారు. ఇన్నాళ్లూ ఫోన్లోని డ్రమ్ యాప్ పెట్టుకుని వాయించారు. నాలుగు నెలలు వెతికాక మల్కాజ్‌గిరి నుంచి ఒక డ్రమ్మర్ దొరికాడు. ఇంట్లో వీలుకాక రబ్బరు ప్యాడ్ల మీదే నేర్చుకున్నాడట. వచ్చే ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా జామ్ రూమ్ బుక్ చేశారు. అద్దె ముగ్గురూ పంచుకుంటున్నారు, గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ నాది పట్టుకెళ్తున్నారు.